తొమ్మిదో పోగు

వెంకటన్న బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఉండవు. బస్సులో కూర్చున్నా, ప్రార్థనలో నిలబడ్డా, పెద్ద డాక్టరుగారు మందలిస్తున్నా, కంటికి కనిపించని దారాన్ని దేన్నో మెలిపెడుతూనే ఉంటాయి. సిరిసిల్లలో పదిహేడేళ్ళు మరమగ్గాలకు పోగులు అతికిన వేళ్ళు అవి. ఇప్పుడు ఆ వేళ్ళే మా ఆసుపత్రిలో ఉత్తరాలు పంపే కంప్యూటరును నడుపుతున్నాయి. ఈ మాట విని నవ్వేవాళ్ళున్నారు. నవ్వినవాళ్ళకు నా ల్యాబులో టీ దొరకదు.

నా పేరు క్యాథరిన్. కరీంనగర్ శివారులోని మిషన్ ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా ల్యాబు చూస్తున్నాను. నోరు జాగ్రత్త అని మా అవ్వ చెప్పి చెప్పి అలిసిపోయింది, నేను మారలేదు. వెంకటన్న నాకు చుట్టం కాడు. ఆయనది నేత కుటుంబం, మాది మెథడిస్టు సంఘం. అయినా ఆయన నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను, రోజుకు రెండుసార్లయినా పోట్లాడుకుంటాం.

ఆయన మొదట మా దగ్గరికి ఉద్యోగం కోసం రాలేదు, దగ్గుతో వచ్చాడు. పద్నాలుగేళ్ళ కిందటి మాట. తెమడ పరీక్షకు ఇచ్చి, రిపోర్టు కోసం వరండాలో బల్ల మీద తొమ్మిది రోజులు కూర్చున్నాడు. రోజూ పొద్దున వచ్చేవాడు, అడిగేవాడు, రాలేదంటే తలూపి మళ్ళీ కూర్చునేవాడు. తొమ్మిదో రోజు వార్డు డ్రాయరు సర్దుతుంటే చీటీ దొరికింది. రెండో రోజే వచ్చి అందులో పడి ఉంది. టీబీ ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ డ్రాయరు నాది కాదు గానీ, చీటీ మీది సంతకం నాదే. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. అంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆరు నెలలు మందులు మింగి బాగయ్యాడు. ఇక మగ్గాల దుమ్ములోకి వెళ్ళొద్దని మా పెద్ద డాక్టరు జోయల్ గారు గట్టిగా చెప్పి, గేటు దగ్గర అటెండరుగా పెట్టుకున్నారు. గేటు దగ్గర ఒక ఇనుప స్టూలు, ఒక రిజిస్టరు, ఒక కర్ర. ఎండకు స్టూలును గోడ నీడ వెంట జరుపుకుంటూ కూర్చునేవాడు.

కంప్యూటరు గదికి ఆయన ఎలా చేరాడో చెప్పాలి. ఆ గది ఒకప్పుడు కట్లు కట్టే గది. అందులో ఒక పాత పెట్టె ఉంటుంది, మేం దాన్ని సర్వర్ అంటాం. ఇళ్ళలో వాడే కంప్యూటరులా బొమ్మలు నొక్కితే అది పనిచేయదు, అది యూనిక్స్ జాతి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఆజ్ఞలు రాయాలి. దాన్ని చూసుకోవడానికి ఏడాదికోసారి బెంగళూరు నుంచి ఒక రిటైర్డు ఇంజనీరు వచ్చేవాడు. ఆయనకు టీ తీసుకెళ్ళే పని వెంకటన్నది. టీ ఇచ్చి తిరిగి రావాలి కదా, రాడు. వెనక నిలబడి, తెర మీద కనిపించిన అక్షరాలను ముగ్గు దించుకున్నట్టు ఒక నోటుబుక్కులో దించుకునేవాడు. ఏడో తరగతి ఇంగ్లీషు ఆయనది. ప్రతి ఆజ్ఞ కింద తెలుగులో తన అర్థం రాసుకునేవాడు. ఒకచోట, ‘ఇది కొడితే వరుసలో ఎన్ని ఉత్తరాలు ఆగి ఉన్నయో చెప్తది. భయపడొద్దు’ అని ఉంది. భయపడొద్దన్నది ఎవరికి రాసుకున్నాడో అడిగితే, నాకే అన్నాడు.

నాలుగో ఏడు ఆ ఇంజనీరు మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయాడు. ఫోనులో డాక్టరుగారితో, గేటు దగ్గర ఉండే ఆయన్ను పిలవండి, ఆయనకు తెలుసు అన్నాడు. అలా స్టూలు ఖాళీ అయింది.

మా ఆసుపత్రికి మంథని, హుస్నాబాద్, మందమర్రి లాంటి ఊళ్ళలో తొమ్మిది చిన్న కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలో ఒక నర్సు. వాళ్ళు తెమడ డబ్బాలు బస్సులో పంపుతారు, నేను మైక్రోస్కోపులో చూసి రాస్తాను, సాయంత్రం నాలుగింటికి ఆ పెట్టె తనంతట తానే ఎవరి రిపోర్టులు వాళ్ళకు మెయిలు చేస్తుంది. ఫోనులో గ్రూపు పెట్టుకుంటే పోదా అని మీరు అడుగుతారు. ఒకసారి అలాగే చేశాం. ఒక ఇడ్లీ బండి ఆమె రిపోర్టు ఆమె కంటే ముందు వాడకట్టు మొత్తానికి తెలిసింది, నెల రోజులు ఆమె బండి దగ్గరికి ఎవరూ రాలేదు. ఆ రోజు నుంచి డాక్టరుగారు గ్రూపు అన్న మాట ఎత్తనివ్వరు.

ఇక అసలు కథ. ఆ పెట్టెలో ఉత్తరాలు పంపే పని మొదటి నుంచీ సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాముది. పెట్టెతోపాటు వచ్చింది అదే. వెంకటన్న దాన్ని పాతాయన అంటాడు. పాతాయన పనిమంతుడే గానీ, ఆయన్ను సరిచేయాలంటే తెరవాల్సిన ఫైలు చూస్తే కాగితం మీద చీమలు పాకినట్టుంటుంది. ఒక చుక్క తప్పితే ఎక్కడ తప్పిందో చెప్పడు. పైగా ఈమధ్య బయటి పెద్ద కంపెనీల మెయిళ్ళు మా ఉత్తరాలను నమ్మడం మానేశాయి, వాటికి కొత్త రకం ముద్ర కావాలట. ఆ ముద్ర వేయించడం పాతాయనతో కష్టం, పోస్ట్‌ఫిక్స్ అనే కొత్తాయనతో సులువు. వెంకటన్న ఏడాదిపాటు చదివి, ఆయన్ను తెచ్చి పెడతానని డాక్టరుగారికి చెప్పాడు.

మా ఆఫీసు మేనేజరు భానుప్రసాద్‌కు ఇది నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఇస్త్రీ చొక్కా నలగకుండా బతకాలనుకునే మనిషి. ఈ పని హైదరాబాదు కంపెనీకి ఇద్దామని ఆయన ఆలోచన. గేటు కాపలా చేసిన మనిషి చేతిలో రోగుల రిపోర్టులేమిటని మీటింగులో అందరి ముందూ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని చీటీలు చదువుకున్నవాళ్ళ చేతుల్లో పోయాయో లెక్క చెప్పమంటారా అని లేచాను. డాక్టరుగారు నన్ను కూర్చోమని, మధ్యేమార్గం చెప్పారు. వెంకటి మార్చనీ. పదిహేను రోజులు చూద్దాం. ఒక్క రిపోర్టు చేరకపోయినా పని కంపెనీకి వెళ్తుంది, వెంకటి గేటుకు వెళ్తాడు.

వెంకటన్న సరేనన్నాడు. వేళ్ళు మాత్రం ఆ మీటింగు అయ్యేదాకా దారం పేనుతూనే ఉన్నాయి.

సోమవారం పదకొండింటికి పని మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను, తోడుకన్నా కుతూహలం ఎక్కువ. నా అనుమానం ఒకటే. ఆసుపత్రిలో ఉన్న ప్రతి ప్రోగ్రామూ ఉత్తరం పంపాలంటే సెండ్‌మెయిల్ అని పేరు పెట్టి పిలుస్తుంది కదా, ఇప్పుడు వాటన్నిటికీ కొత్త పేరు నేర్పాలా అని అడిగాను.

“అవసరం లేదు చెల్లె. అందరు పాతాయన పేరే పిలువనియ్యి. ఆ పేరున్న కాడ ఒక చిన్న చీటీ ఉంటది. ఈ పేరుతోని ఎవలు పిలిచినా కొత్తాయన దగ్గరికి తోలు అని ఆ చీటీ మీద రాస్తె అయిపాయె.”

తర్వాత తన పాత పని గురించి చెప్పాడు. మగ్గం మీద నూలు అయిపోవస్తే కొత్త భీము ఎక్కించాలి. భీమంటే పడుగు దారాలు చుట్టిన పెద్ద రోలరు. ఆ వేల దారాలనూ మళ్ళీ మొదటి నుంచి మగ్గం దువ్వెనలాంటి అచ్చు సందుల్లో దూర్చుకుంటూ కూర్చుంటే పని తెమలదు. అందుకని పాత దారాల కొసలను అచ్చులోనే ఉండనిచ్చి, కొత్త దారాలను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. దాన్ని వైపని అంటారు. మగ్గానికి మనిషి మారినట్టు కూడా తెలియదు, కొత్త నూలు పాత దారిలోనే నడుస్తుంది. ఇదీ అంతే చెల్లె అన్నాడు.

చీటీ రాశాడు. కొత్తాయన్ను నిద్రలేపాడు. తొమ్మిది కేంద్రాలకూ తన చేత్తో తలా ఒక పరీక్ష ఉత్తరం పంపాడు. పది నిమిషాల్లో తొమ్మిదిమంది నర్సులూ అందిందని ఫోన్లు చేశారు. పాతాయన్ను తీసెయ్యవా అని అడిగాను. నావైపు ఏదో అపచారం మాట్లాడినట్టు చూశాడు.

“అచ్చుల ఉన్న కొసలను ముందుగాల ఎవలన్న తెంపుతరా? నడిచినంక తీస్తరు. ఉండనియ్యి, ఆయన మనకేం అడ్డం.”

ఆ సాయంత్రమూ, మర్నాడూ ల్యాబు రిజిస్టరు ఇస్తావా అని అడిగాడు. ఏ కేంద్రానికి ఎన్ని రిపోర్టులు రాశానో చూసి, ఎన్ని వెళ్ళాయో పోల్చుకోవాలట. భీము అతికిన మగ్గం నాలుగు గజాలు నేశాక వైపని మనిషి గుడ్డ కింద అరచెయ్యి పెట్టి తడుముతాడట, తప్పిన పోగు ఉంటే అక్కడ సన్నగా తగులుతుందట. నాకు ఆ రెండు రోజులూ డబ్బాలు కుప్పలుగా వచ్చాయి. తొమ్మిదిమందీ ఫోను చేశారు కదా, ఇంకా తడిమేదేముంది, వెళ్ళి చాయ్ తాగు అని కసిరాను. వెళ్ళాడు. బుధవారం నుంచి ఆసుపత్రి వార్షికోత్సవం పనులు మీద పడ్డాయి, మైకు సెట్టు నుంచి కుర్చీల దాకా అన్నిటికీ వెంకటీ అనే పిలుపే.

శనివారం మధ్యాహ్నం అడగకుండా వచ్చి నా రిజిస్టరు తనే తీసుకున్నాడు. చెక్క స్కేలు పెట్టి ఒక్కో వరుస చూస్తూ, కొత్తాయన రాసిపెట్టుకున్న లెక్కతో సరిపోల్చాడు. ఎనిమిది కేంద్రాలు సరిపోయాయి. మందమర్రి దగ్గర స్కేలు ఆగింది. నా రిజిస్టరులో ఏడు రిపోర్టులు. కొత్తాయన లెక్కలో ఒక్కటీ లేదు.

పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన వేళ్ళు కదలకుండా ఉండటం చూశాను.

ఏం జరిగిందో ఆయనకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మందమర్రి మా మొదటి కేంద్రం. తొమ్మిదేళ్ళ కింద దానికి రిపోర్టులు పంపే చిన్న ప్రోగ్రామును వెంకటన్నే రాశాడు, అది ఆయన రాసిన మొట్టమొదటిది. కొత్తగా నేర్చుకున్నవాడి జాగ్రత్త కొద్దీ, అందులో పాతాయన్ను పేరు పెట్టి పిలవలేదు, నేరుగా ఆయన ఇంటి చిరునామాయే, అంటే పెట్టెలో ఆ ప్రోగ్రాము ఉండే చోటే రాశాడు. తర్వాతి ఎనిమిది కేంద్రాలకూ పేరు చాలని తెలిసింది. ఇప్పుడు పేరు దగ్గర చీటీ మారింది గానీ ఇల్లు మారలేదు. మందమర్రి ఉత్తరాలు నేరుగా పాతాయన ఇంటికి వెళ్ళాయి. పాతాయన్ను తీసేసి ఉంటే, ఇక్కడ ఎవరూ లేరని సోమవారం నాలుగింటికే పెట్టె మొత్తుకునేది. కానీ ఆయన్ను ఉంచాం కదా, మర్యాదగా తీసుకుని సంచిలో వేసుకున్నాడు. పంపే పని ఆయన నుంచి సోమవారమే తీసేశాం. సంచి తెరిచి చూస్తే ఏడు ఉత్తరాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నేను రిజిస్టరు నా వైపు లాక్కున్నాను. ఏడింటిలో ఆరుగురికి ఏమీ లేదు. సోమవారం నాడు రాసిన ఒకటి మాత్రం అలా కాదు. లింగవ్వ, యాభై ఎనిమిదేళ్ళు, టీబీ ఉంది. నా చేతిరాతే, నా సంతకమే.

వెంటనే మందమర్రి నర్సు రోజారాణికి ఫోను చేశాను. ఈ వారం మా దిక్కు రిపోర్టులు లేవనుకున్నానక్కా అంది. పాపం, ఆమె తప్పేముంది, కొన్ని వారాలు నిజంగానే ఉండవు. లింగవ్వ గనుల కాలనీ సంతలో కూరగాయలు అమ్ముతుందని, కోడలు పనికి వెళ్తే ఏడు నెలల మనవరాలు రోజంతా ఆమె ఒళ్ళోనే ఉంటుందని, రాత్రి కూడా పక్కనే పడుకుంటుందని రోజారాణి చెప్పింది. చెబుతూనే చెప్పులు వేసుకుని బయల్దేరింది. గంటలో లింగవ్వకు విషయం తెలిసింది, సాయంత్రానికి మందులు మొదలయ్యాయి, పాపను తల్లి పక్కకు మార్చారు. ఐదు రోజులు మాత్రం వెనక్కి రావు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను, దాచను. ఈ సంగతి నీకూ నాకూ రోజారాణికీ తప్ప ఎవరికీ తెలియదన్నా, ప్రోగ్రాము సరిచేసి ఆ ఏడు ఉత్తరాలూ పంపేసెయ్, పదిహేను రోజుల్లో ఆరే అయ్యాయి, నోరెత్తితే మళ్ళీ గేటే అన్నాను. మీటింగులో అంత ఎగిరిన దాన్ని, భానుప్రసాద్ ముందు ఎలా తలెత్తుకోవాలన్నదే నా బాధ.

ఆయన ప్రోగ్రామును సరిచేశాడు. పాత చిరునామా కొట్టేసి పేరు రాశాడు. ఏడు ఉత్తరాలనూ బయటికి తీసి, కొత్తాయన చేత పంపించాడు. లేచి వెళ్తూ వాకిట్లో ఆగి అన్నాడు.

“నేను తొమ్మిది దినాలు కూసున్న చెల్లె, ఆ బల్ల మీద. నా చీటీ ఎక్కడున్నదో ఒకలు వచ్చి చెప్తె బాగుండు అనుకున్న. ఎవలు చెప్పలే.”



ఆదివారం ఆయన మందమర్రి బస్సెక్కాడు. ఆయన భార్య అనసూయ సర్వపిండి చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఎందుకు వెళ్తున్నాడో ఆమెకు చెప్పాడట, ఆమె ఇంకో రెండు పిండి ముద్దలు ఎక్కువ తట్టిందట. అక్కడ జరిగింది రోజారాణి నాకు చెప్పింది. లింగవ్వ ఇంటి గడప బయట కింద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. మెయిలు, సర్వరు అన్న మాటలేవీ ఎత్తలేదు. నీ చీటీ సోమవారమే రాసిన్రు అవ్వా, అది నా దగ్గర ఐదు దినాలు ఆగింది, తప్పు నాది అన్నాడు.



“ఐదు దినాలు పొల్లను పక్కల పండవెట్టుకున్న,” అందట లింగవ్వ. “దానికేమన్న అయితే నిన్ను ఊకోను బిడ్డా.”

“ఊకోకు అవ్వా,” అన్నాడట వెంకటన్న.

తర్వాత ఆమె లోపలికి వెళ్ళి, మూతికి కట్టుకున్న గుడ్డ సరిచేసుకుని, చెంబుతో నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టిందట. సర్వపిండి డబ్బా తీసుకుంది. మళ్ళొస్తే డబ్బా తీసుకపో అని మాత్రం అంది.

సోమవారం ఎనిమిదిన్నరకు మా దగ్గర ప్రార్థన ఉంటుంది. డాక్టర్ల నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ వస్తారు. ఆఖరున కొంతసేపు సాక్ష్యాలకు. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలో, తాను చేసిన పొరపాటో చెప్పాలనుకున్నవాళ్ళు లేచి చెబుతారు. నిజం చెప్పాలంటే ఎక్కువగా మేళ్ళే వినిపిస్తాయి, అదీ ప్రతి వారం చెప్పే నలుగురి నోటే. వెంకటన్న పద్నాలుగేళ్ళుగా చెప్పులు బయట వదిలి, తలుపు పక్కన నిలబడి, అయిపోగానే వెళ్ళిపోతాడు. ఒక్కసారీ పెదవి విప్పలేదు. మనది కాదు కదా చెల్లె, ఇనుడు చాలు అనేవాడు.

ఆ రోజు ముందుకు వచ్చాడు.

“నేను పోగు ఒకటి తప్పిన,” అని మొదలుపెట్టాడు. “తొమ్మిది ఉంటె ఎనిమిదే అతికిన. తొమ్మిదోది చూసుకోలే. మందమర్రిల లింగవ్వ అని ఒక అవ్వ ఉన్నది, ఆమె చీటీ ఐదు దినాలు నా పెట్టెలనే ఉన్నది. ఆమె మనవరాలికి ఏం కావద్దని మీరందరు జర మొక్కున్రి. నాకు మొక్కుడు సరిగ రాదు.”

అంతే చెప్పి, మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమెన్ అనాలా వద్దా అని అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేనిక కూర్చోలేకపోయాను. లేచి, వెంకటన్న రెండుసార్లు రిజిస్టరు అడిగాడని, నేను ఇవ్వకుండా చాయ్ తాగమని పంపానని, ఇచ్చి ఉంటే సోమవారమే దొరికేదని చెప్పాను. దాచిపెట్టమన్న సంగతి కూడా చెప్పేశాను. దానికి మాత్రం వెనక నుంచి నలుగురైదుగురు గట్టిగా ఆమెన్ అన్నారు. వాళ్ళెవరో నాకు తెలుసు.

ప్రార్థన తర్వాత డాక్టరుగారు మా ముగ్గురినీ గదికి పిలిచారు. నన్నూ, వెంకటన్ననూ, భానుప్రసాద్‌నూ. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ముందు లింగవ్వ గురించి అడిగారు. మర్నాడు తానే మందమర్రి వెళ్ళి పాపను చూస్తానన్నారు. వెంకటన్న అప్పటికే గేటు రిజిస్టరు ఎవరి దగ్గర తీసుకోవాలో ఆలోచిస్తున్నట్టున్నాడు, చూపు కిటికీ బయట గోడ నీడ మీద ఉంది.

ఇక ముందు ఇలా జరగకుండా ఏం చేస్తావని డాక్టరుగారు అడిగారు. వెంకటన్న బస్సులో అంతా ఆలోచించుకున్నట్టున్నాడు, తడుముకోలేదు. రిపోర్టులున్నా లేకపోయినా నాలుగింటికి ప్రతి కేంద్రానికీ ఒక ఉత్తరం వెళ్ళాలి, లేకపోతే ఖాళీ ఉత్తరమైనా వెళ్ళాలి. అందుకున్న నర్సు ముట్టింది అని ఒక్క మాట రాసి తిప్పి పంపాలి. ఐదింటికల్లా తొమ్మిది ముట్టిందులు రాకపోతే, రాని చోటికి తానే ఫోను చేస్తాడు. ఉత్తరం రాకపోవడమంటే రిపోర్టు లేదని ఇక ఎవరూ అనుకోకూడదు.

భానుప్రసాద్ కంపెనీవాళ్ళు పంపిన కాగితాలు తెచ్చుకున్నాడు. వాటిని ముందుకూ వెనక్కూ తిప్పాడు. ఈ ఖాళీ ఉత్తరం సంగతి ఇందులో ఎక్కడా లేదు సార్ అని ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు చెప్పి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా జేబు కొంచెం నలిగింది. ఆ రోజు నుంచి ఆ మనిషంటే నాకు మునుపటంత కోపం రావడం లేదు.

పదిహేను రోజులు ఇవ్వాళ్టి నుంచి మళ్ళీ మొదలు అన్నారు డాక్టరుగారు. వెంకటన్నకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాడు. వేళ్ళు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. నేను పక్కన కూర్చుని, నువ్వంటే నాకు చాలా గౌరవం అన్నా అని చెప్పాను. ఇలాంటి మాటలు నాకు అలవాటు లేవు. ఆయన కంగారుపడి, ఏమైంది చెల్లె, పాణం మంచిగ లేదా అని అడిగాడు.

ఆ పదిహేను రోజులూ సాఫీగా గడిచాయి. పదహారో రోజు పాతాయన్ను పెట్టెలో నుంచి తీసేశాడు. తీసేముందు పెట్టెలోని ప్రతి ప్రోగ్రామూ తెరిచి, పాత చిరునామా ఇంకెక్కడైనా ఉందేమోనని మూడు రోజులు వెతికాడు. లేదు. మంచిగ చేసినవు పెద్దమనిషీ, ఇగ పో అని తెరతో అన్నాడు. నేను విననట్టు నటించాను.

పాపకు ఏమీ కాలేదు. డాక్టరుగారు పరీక్షించి, ముందు జాగ్రత్తగా మందు రాసిచ్చారు. లింగవ్వ ఆరు నెలలూ మాత్రలు మానకుండా మింగింది. డబ్బా కోసం వెంకటన్న రెండుసార్లు మందమర్రి వెళ్ళాడు, రెండుసార్లూ ఖాళీ డబ్బా ఇవ్వడం పద్ధతి కాదని ఆమె వంకాయలు నింపి ఇచ్చింది. ఆ వంకాయల్లో సగం మా ఇంటికి వచ్చేవి.

కిందటి నెల లింగవ్వ ఆఖరి తెమడ డబ్బా పరీక్షకు వచ్చింది. ఆ గాజు పలకను నేను ఒకసారి చూడాల్సింది రెండుసార్లు చూశాను, మూల మూలా చూశాను. ఏమీ లేదు. రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి, నాలుగింటికి ముందే కంప్యూటరు గదికి వెళ్ళి వెంకటన్న పక్కన కూర్చున్నాను. రిపోర్టు ఎవరిదో ఆయనకు చెప్పలేదు, రోగుల సంగతి బయట పెట్టకూడదు కదా. నా ముఖం చూసి ఆయనే తెలుసుకున్నాడు.

నాలుగింటికి ఉత్తరాలు వెళ్ళాయి. హుస్నాబాద్ నుంచి ముట్టింది. మంథని నుంచి ముట్టింది. ఒక్కొక్కటిగా ఎనిమిది వచ్చాయి. మందమర్రి రాలేదు. నాలుగున్నర అయింది, రాలేదు. పావు తక్కువ ఐదయింది, రాలేదు. వెంకటన్న ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు వచ్చింది. రోజూ ఒకే మాట రాసే రోజారాణి ఆ రోజు మూడు ముక్కలు రాసింది. లింగవ్వను పిలిపించడానికి ఆలస్యమైందక్కా. ఇప్పుడు ఇక్కడే ఉంది, వెంకటన్నకు ఈ మాట తనే చెప్తానంటే ఆమె చెప్పినట్టే రాస్తున్నాను అని, కింద ఇలా ఉంది:

“చీటీ ముట్టింది బిడ్డా. పొల్ల నా పక్కలనే పంటది ఇయ్యాల.”

వెంకటన్న అది రెండుసార్లు చదివాడు. తర్వాత నోటుబుక్కు తీసి, ఆ తేదీ కింద తొమ్మిది అని రాసుకున్నాడు.